నీడవైపు సీట్లు

ఆ ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే జనానికి రెండే పనులు. ఎండని తిట్టుకోవడం ఒకటి, ఎండ గురించి ఒకరికొకరు సలహాలు చెప్పుకోవడం రెండోది. పొద్దున్నే కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు వచ్చేవి. తలుపు గొళ్ళాన్ని చేతిరుమాలుతో పట్టుకుని తీసేవారు. పోస్ట్‌మ్యాన్ భార్య అయితే తలగడ గలీబుల్నీ, ఆయన యూనిఫాం చొక్కానీ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేది. ఆ చొక్కా తొడుక్కుని ఆయన పంచే ఉత్తరాలకి మొదటి రెండు వీధుల దాకా ఉల్లిపాయల వాసన వచ్చేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎవరి ఫ్రిజ్‌లో ఏం పెట్టుకుంటున్నారో వాళ్ళకే తెలుసు కదా.

పోస్ట్‌మ్యాన్ మాత్రం ఎండని పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఇన్నేళ్ళు కాలినడకన ఉత్తరాలు పంచి పంచి, ఏ వీధిలో ఏ వేళకి నీడ ఎటుంటుందో ఆయనకి కొట్టిన పిండి అయిపోయింది. చుట్టాల్లో ఎవరు బస్సెక్కాలన్నా ముందు ఈయనకే ఫోను చేసేవారు.

"మావయ్యా, స్టేషన్ బస్సు ఎక్కుతున్నాను. ఎటు కూర్చోమంటావ్?"

ఈయన కళ్ళు మూసుకుని, గాల్లో వేలు తిప్పి, "డ్రైవరు వెనకాల కూర్చో. వంతెన దాటగానే లేచి అటువైపుకి మారిపో" అనేవాడు. అలా ఆయనకి నీడల మావయ్య అని పేరు స్థిరపడిపోయింది. పైకి విసుక్కున్నా ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా గర్వం.

ఆ గర్వానికి పరీక్ష కూతురి పెళ్ళి రూపంలో వచ్చింది. అమ్మాయి తన ఆఫీసులోనే పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయి బంగారం. వాళ్ళ నాన్న గడియారాల కొట్టు నడుపుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. చిక్కల్లా వాళ్ళమ్మతోనే. ఆవిడ హెడ్మిస్ట్రెస్. బడిలో ఎంత హెడ్మిస్ట్రెస్సో ఇంట్లో అంతకు రెండింతలు.

వాళ్ళు మొదటిసారి ఇంటికొచ్చిన రోజున అందరూ కూర్చోగానే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గిన్నెల్లో పెట్టిన ఐస్‌క్రీం చెంచా అందించేలోపు పాలైపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. పోస్ట్‌మ్యాన్ మర్యాద కోసమని పాత చెక్క కుర్చీకి ముందురోజే వార్నిష్ వేయించి ఆవిడని అందులో కూర్చోబెట్టాడు. ఆరిందనుకున్న వార్నిష్ ఆ ఉక్కకి మళ్ళీ మెత్తబడింది. వెళ్ళొస్తామని ఆవిడ లేస్తే కుర్చీ కూడా లేచింది. పోస్ట్‌మ్యాన్ బావమరిది నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాడు. ఆ నవ్వు వంటింట్లోంచి కూడా వినిపించింది.

గుమ్మం దగ్గర ఆవిడ వెనక్కి తిరిగి ఇలా అంది: "ఏ పనికైనా ముందుచూపు ఉండాలండీ. మా అత్తగారు కదల్లేరు, వాళ్ళ ఊరికి రెండు కుటుంబాలూ కలిసి వెళ్దాం. నా మాట అక్కడే చెప్తాను, పోస్ట్‌మ్యాన్ గారూ."

వియ్యంకుడు కాబోయే మనిషిని అన్నయ్యగారూ అనడానికి ఆవిడకి నోరు రాలేదు. ఉద్యోగం పేరు పెట్టి పిలిచి వెళ్ళిపోయింది. కూతురు ఆ రాత్రి సరిగ్గా తినలేదు. "నాన్నా, ఆవిడ వద్దంటే వాళ్ళింట్లో ఇంకెవరూ అవుననరు" అని మాత్రం అంది. ఆ మాటకి పోస్ట్‌మ్యాన్ ప్రాణం ఉసూరుమంది. ఈసారి ఆవిడ మీద ఎండ పొడ కూడా పడనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఎండల్లో ఏసీ బస్సులన్నీ ఎవరో ఒకరు ముందే మాట్లాడేసుకున్నారు. దొరికింది మామూలు బస్సు. దాని కర్టెన్లు ఉతకడానికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. అయినా పోస్ట్‌మ్యాన్ బెదరలేదు. ఆవిడ అత్తగారి ఊరు ఉత్తరాన ఉంది, ప్రయాణం పొద్దున, కాబట్టి ఎండ కుడివైపు. ఎడమవైపు సీట్లన్నీ మగపెళ్ళివారికి, కుడివైపు మనకి. ఇంతకన్నా మర్యాద ఏముంటుంది? బావమరిది ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి ఒక పెద్ద ఐసు దిమ్మ తెచ్చి, తొట్టిలో పెట్టి, సీట్ల మధ్య దారిలో ఉంచేట్టు మాట్లాడుకున్నారు. తెల్లవారగానే వచ్చిన డ్రైవరుని పక్కకి పిలిచి పోస్ట్‌మ్యాన్ మరీ మరీ చెప్పాడు.

"బస్సుని ఎండలో పెట్టకు బాబూ. సీట్లు కాలిపోతే ఆవిడ కూర్చోదు. నీడ ఎటు జరిగితే నువ్వూ అటు జరుగు."

డ్రైవరు మాట మీద నిలబడే మనిషి. అదే కొంప ముంచింది.

మగపెళ్ళివారు చెప్పిన టైముకి సరిగ్గా బస్సెక్కాల్సిన బజారుకి వచ్చారు. ఆడపెళ్ళివారూ వచ్చారు. బస్సు లేదు. డ్రైవరుకి ఫోను చేస్తే మోగలేదు. అది ఇంజను మూత మీద కాగి కాగి తనంతట తానే ఆగిపోయిందని తర్వాత తెలిసింది. హెడ్మిస్ట్రెస్ ఒక బట్టల కొట్టు మెట్ల మీద నిలబడి చేతి గడియారం చూసుకుంది. బావమరిది పక్కన తొట్టిలో ఐసు కరగడం మొదలుపెట్టింది.

"బస్సేదండీ?" అంది ఆవిడ.

"నీడలో ఉందండీ" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

ఆయన కళ్ళు మూసుకుని లెక్క వేశాడు. ఈ వేళకి నీడ బ్యాంకు వెనక సందులో ఉండాలి. పరుగెత్తాడు. సందులో నీడ లేదు, బస్సూ లేదు, టైర్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. అయితే ఆసుపత్రి గోడ పక్కన ఉండాలి. అక్కడికి వెళ్ళేసరికి నీడ అక్కణ్ణుంచీ జరిగిపోయింది, దానితోపాటే బస్సూ జరిగిపోయింది. లెక్క తప్పు కాదు, ఆయన కాళ్ళే నీడకన్నా నెమ్మది. వీధి తర్వాత వీధి తిరిగి, సూర్యుడు నడినెత్తికెక్కి నేల మీద నీడన్నదే లేకుండా పోయాక, ఇంక ఊరంతటికీ మిగిలిన ఒకే ఒక్క నీడ దగ్గరికి, అంటే రైలు వంతెన కిందికి వెళ్ళాడు. బస్సు అక్కడుంది. డ్రైవరు హాయిగా గురక పెడుతున్నాడు.

"ఏమయ్యా!" అని అరిచాడు పోస్ట్‌మ్యాన్.

డ్రైవరు ఉలిక్కిపడి లేచి, మెచ్చుకుంటారన్నట్టు చూశాడు. "మీరు చెప్పినట్టే చేశానండీ. పొద్దుట్నుంచీ ఒక్క ఎండ పొడ పడనివ్వలేదు. సీటు ముట్టుకుని చూడండి, ఎంత చల్లగా ఉందో!"

పోస్ట్‌మ్యాన్ ముట్టుకుని చూశాడు. నిజంగానే చల్లగా ఉంది. తిట్టడం మానేసి బస్సు తియ్యమన్నాడు.

బస్సు తెచ్చేసరికి తొట్టిలో ఐసు లేదు, గోరువెచ్చని నీళ్ళున్నాయి. అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ పరువు దక్కించుకునే ఆత్రంలో తలుపు దగ్గర నిలబడి, "మీరంతా ఎడమవైపు కూర్చోండి, నీడ ఉంటుంది. మనవాళ్ళంతా కుడివైపు" అని చెయ్యి చాపి చూపించాడు. మగపెళ్ళివారు ఒక పక్క, ఆడపెళ్ళివారు ఒక పక్క సర్దుకున్నారు. అబ్బాయీ అమ్మాయీ చెరో కిటికీ దగ్గర కూర్చుని మధ్యలో ఉన్న తొట్టిని చూస్తూ ఉండిపోయారు.

మేడలు దాటి బస్సు మైదానం రోడ్డెక్కింది. ఎడమవైపు కిటికీలన్నిటిలోంచీ ఒక్కసారిగా ఎండ వచ్చి మగపెళ్ళివారి ఒళ్ళో పడింది. హెడ్మిస్ట్రెస్ మొహం మీద కాస్త ఎక్కువే పడింది. అప్పుడు తట్టింది పోస్ట్‌మ్యాన్‌కి. ఆయన వేసింది పొద్దుటి లెక్క. ఇప్పుడు పొద్దు తిరిగింది. నడిచేటప్పుడు ఈ పొరపాటు ఎన్నడూ రాలేదు, ఎందుకంటే నడిచేవాడు నేలని చూస్తాడు. ఈరోజు ఆయన ఆవిడ మొహాన్ని తప్ప ఇంక దేన్నీ చూడలేదు.

"పోస్ట్‌మ్యాన్ గారూ, మీ ఇంట్లో నీడంటే ఇదేనా?" అంది ఆవిడ, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"పొరపాటైందండీ. మీరంతా ఇటు వచ్చెయ్యండి, మేం అటు మారతాం" అన్నాడాయన. అబ్బే, ఫర్లేదండీ, అలా కాదండీ అని కాసేపు మొహమాటాలు జరిగాక, సంచులూ చెప్పులూ వెతుక్కుని రెండు కుటుంబాలూ అటూ ఇటూ మారాయి. తొట్టిలో కాలు వేసిన గడియారాల కొట్టాయన బూటు తడిసింది. అందరూ కుదురుగా కూర్చుని ఊపిరి పీల్చుకున్నారో లేదో, రోడ్డు కొండ చుట్టూ వంపు తిరిగింది. ఎండ కూడా తిరిగి, మళ్ళీ మగపెళ్ళివారి మీదే పడింది.

పోస్ట్‌మ్యాన్ భార్య ఆయన వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది. కూతురు తల వంచుకుంది. పోస్ట్‌మ్యాన్ ఆ వంచిన తల చూశాడు. ఇంక సిగ్గు పడి లాభం లేదని లేచి నిలబడ్డాడు.

"అమ్మా, తప్పంతా నాదే. నీడలో కూర్చోబెట్టి మిమ్మల్ని మెప్పిద్దామనుకున్నాను. పొద్దుటి లెక్క పట్టుకుని వేలాడాను. కుర్చీ విషయంలోనూ తప్పు నాదే. మా అమ్మాయి ఇలాంటిది కాదండీ, దాన్ని చూసి ఒప్పుకోండి. నన్ను చూసి కాదు."

హెడ్మిస్ట్రెస్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. బస్సు ఇంకో వంపు తిరిగింది. ఈసారి ఎండ వచ్చి పోస్ట్‌మ్యాన్ భార్య మీద పడింది. ఆవిడ కెవ్వుమంది.

"ఈ కొండ రోడ్డు ఎంత దూరం ఉంటుంది బాబూ?" అని హెడ్మిస్ట్రెస్ డ్రైవరుని అడిగింది.

"ఊరి దాకా ఇంతేనండీ, అన్నీ వంపులే."

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని లేచింది. "అందరూ నిలబడండి" అంది. డ్రైవరు తప్ప అందరూ నిలబడ్డారు. డ్రైవరు కూడా ఒక క్షణం లేవబోయాడు. "ఎవరి సంచులు వాళ్ళు వదిలెయ్యండి. నేను చప్పట్లు కొట్టగానే నీడవైపుకి రండి. ఇద్దరు పట్టే సీట్లో ముగ్గురు సర్దుకోవాలి. సన్నవాళ్ళు లావువాళ్ళ పక్కన. పట్టనివాళ్ళు తొట్టి దగ్గర నిలబడి రుమాళ్ళు తడిపి అందించండి. పోస్ట్‌మ్యాన్ గారూ, మీరు ముందు నిలబడి రోడ్డు చూడండి. వంపు రాకముందే చెప్పాలి, వచ్చాక కాదు."

"ఎండ ఎడమకొస్తోందండీ!" అని అరిచాడు పోస్ట్‌మ్యాన్. ఆవిడ చప్పట్లు కొట్టింది. బస్సంతా కుడికి దూకింది. "కుడికొస్తోందండీ!" బస్సంతా ఎడమకి దూకింది. మొదటి రెండు వంపులూ కాళ్ళు తొక్కుకున్నారు, మూడో వంపుకి నవ్వులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఎవరు ఎవరి ఒళ్ళో కూర్చున్నారో చూసుకునే తీరిక లేకపోయింది. గడియారాల కొట్టాయన బావమరిది టోపీ పెట్టుకుని, ఆ రోజు కుర్చీ లేచిన సంగతి చెప్పించుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. చప్పట్లతో పనిలేకుండా, ఏ వంపుకీ కదలకుండా, ఎండలోనే వెనక సీట్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు బస్సు మొత్తంలో ఇద్దరే. వాళ్ళని ఎవరూ లేపలేదు.

అబ్బాయి నాయనమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎదురుచూస్తోంది. బస్సు దిగిన జనాన్ని చూసి ఆవిడ నోరు తెరిచింది. అందరి మొహాలూ కందిపోయాయి, బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి, ఒకళ్ళ చెప్పులు ఇంకొకళ్ళ కాళ్ళకున్నాయి.

"ఇందులో మనవాళ్ళెవరే, వాళ్ళెవరే?" అని కోడల్ని అడిగింది.

హెడ్మిస్ట్రెస్ వెనక్కి తిరిగి చూసింది. "ఇప్పుడు వేరుచేసే ఓపిక నాకు లేదత్తయ్యా. ముందు అందరికీ మంచినీళ్ళు ఇప్పించండి" అని, ఇంట్లోకి వెళ్ళి కుర్చీని వేలితో నొక్కి చూసి కూర్చుంది.

భోజనాలయ్యాయి. ముసలావిడ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బుగ్గలు నిమిరింది. అన్నీ అయ్యాయి కానీ హెడ్మిస్ట్రెస్ మాత్రం చెప్తానన్న మాట చెప్పలేదు. పోస్ట్‌మ్యాన్ మధ్యాహ్నమంతా ఆవిడ కదిలినప్పుడల్లా లేచి నిలబడుతూ, ఆవిడ మంచినీళ్ళ కోసమే లేచిందని తెలిసి మళ్ళీ కూర్చుంటూ గడిపాడు. పొద్దు వాలుతుండగా అందరూ తిరుగు ప్రయాణానికి బస్సు దగ్గరికి చేరారు. ఈసారి నోరు తెరిస్తే ఒట్టు అనుకుని ఆయన అందరికన్నా వెనక నిలబడ్డాడు.

హెడ్మిస్ట్రెస్ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"అన్నయ్యగారూ, ఇప్పుడు ఎండ ఎటుంటుంది?"

పోస్ట్‌మ్యాన్ ఎవరిని పిలుస్తోందా అని చుట్టూ చూశాడు. వాళ్ళ తరఫున అన్నలెవరూ రాలేదు. భార్య ఆయన జబ్బ మీద గట్టిగా గిల్లింది. కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"కుడివైపమ్మా" అన్నాడు. ఒకసారి వంగి తన నీడ ఎటు పడిందో చూసుకున్నాడు. మళ్ళీ అన్నాడు: "కుడివైపే చెల్లెమ్మా. ఈసారి నేలని చూసే చెప్తున్నాను."

"ఎండ కుడివైపని మీరన్నారంటే నీడ కుడివైపే ఉంటుంది. నేను అక్కడే కూర్చుంటాను" అని ఆవిడ మొహంలో నవ్వు కనపడనీయకుండా లోపలికి వెళ్ళి, కుడివైపు మొదటి కిటికీ దగ్గర కూర్చుంది.

ఆయన చెప్పింది ఈసారి నిజమే. కొండ వంపుల్లో కాసేపు అటూ ఇటూ ఊగినా, మైదానం రోడ్డెక్కాక ఊరు చేరేదాకా ఎండ కుడివైపే పడింది. ఆవిడ పంతానికి కదల్లేదు. ఎడమవైపు సీట్లు చల్లగా, సగం ఖాళీగా ఉన్నాయి. నీడల మావయ్య వాటి వైపు కన్నెత్తి చూడకుండా, ఆవిడ వెనక సీట్లో, జీవితంలో మొదటిసారి కావాలని ఎండలో కూర్చున్నాడు.