అంగుళం తగ్గిన తుపాకీ

కెనడాలోని హామిల్టన్‌లో కోదండరామ్ గారింట్లో ఆదివారం పొద్దున మూడు పనులు వరసగా జరుగుతాయి. శాంత ఉప్మాకి రవ్వ వేయిస్తుంది. పద్నాలుగేళ్ళ ధాత్రి దుప్పట్లోంచే "ఫైవ్ మోర్ మినిట్స్" అని బేరమాడుతుంది. కోదండరామ్ బేస్‌మెంట్‌లో తాళాలన్నీ తీసి, తన జంట గొట్టాల షాట్‌గన్‌ని పసిబిడ్డలా ఎత్తుకుని, మధ్యకి వంచి తెరుస్తాడు. గొట్టంలోంచి ఒక పెద్దబాతు బయటికొస్తుంది.

వందేళ్ళ నాటి తుపాకీ కదా, తన కాలంలో చాలా బాతుల్నే కొట్టింది. కొట్టినవన్నీ లోపలే ఉన్నాయి, వారానికొకటి చొప్పున వస్తున్నాయి. వచ్చిన బాతు రెక్కలు దులుపుకుని, లోపలి ఇరుకుకి కోదండరామే కారణమన్నట్టు ఓ చూపు చూసి, మెట్లెక్కి వెనక తలుపు దగ్గర ఆగుతుంది. శాంత తలుపు తీస్తుంది. "కార్పెట్ జోలికి పోలేదు, నయం" అని మళ్ళీ రవ్వ దగ్గరికి పోతుంది.

ఓక్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కోదండరామ్ ఆ తుపాకీని ఒక్కసారి కూడా కాల్చలేదు. అది ఇన్వెస్ట్‌మెంట్. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పప్పు వడ్డించే లోపే మొదలుపెడతాడు. "పాత తుపాకీలో ఒక్క స్క్రూ మారినా సగం ధర పోతుందండీ. కోయకూడదు, గీకకూడదు, మెరుగు పెట్టకూడదు. ఎలా పుట్టిందో అలాగే ఉండాలి." పెరుగన్నం దాకా ఇదే. పాపం, జనం త్వరగా చేతులు కడుక్కునేవాళ్ళు.

శాంతది ఆస్పత్రిలో కృత్రిమ కాళ్ళు తయారుచేసే పని. గొంతు చాలా చిన్నది. రెండేళ్ళ కిందట మొగుడి వెంట పులిహోర డబ్బా పట్టుకుని షూటింగ్ క్లబ్బుకి వెళ్ళింది. అక్కడ 'పుల్' అని కేక వేస్తే మట్టి పళ్ళెం ఒకటి గాల్లోకి ఎగురుతుంది, దాన్ని కొట్టాలి. సరదాకి ఎవరో తుపాకీ చేతికిచ్చారు. శాంత 'పుల్' అంది. బటన్ నొక్కే మనిషి "సారీ?" అన్నాడు. మళ్ళీ అంది. మళ్ళీ "సారీ?" మూడోసారికి పళ్ళెం ఎగిరింది, శాంత కొట్టింది. అది ఆకాశంలో పొడై, పొగై, మెల్లగా రాలడం చూస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి చారులో ఉప్పు వేయడం మర్చిపోయింది.

అప్పట్నుంచీ లైసెన్స్ తీసుకుని ప్రతి బుధవారం సాయంత్రం క్లబ్బుకి వెళ్తోంది. క్లబ్బు తుపాకీలు రోకళ్ళంత బరువు. ఇంట్లోని పాతది గాలిలా తేలిగ్గా లేస్తుంది, కానీ ఐదడుగుల మనిషికి పొడుగెక్కువ. కోదండరామ్ ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు దాన్నే పట్టుకెళ్ళి, చెంప వాచి వచ్చేది. "ఫ్రిజ్ తలుపు తగిలిందండీ" అనేది. ఆ ఫ్రిజ్ మీద కోదండరామ్‌కి చాలా కోపం ఉండేది.

చివరికి ఒక మంగళవారం తన మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలుచుకుంది. భుజానికి ఆనే చెక్కని అంగుళం కోసి, నున్నగా రుద్ది, రబ్బరు ప్యాడ్ బిగించింది. కోసిన ముక్కని పోపుల డబ్బా వెనక దాచింది. మర్నాడు క్లబ్బులో ఇరవై అయిదుకి ఇరవై అయిదూ కొట్టింది. తుపాకీ తెరిస్తే వచ్చిన బాతు ఎప్పట్లా గుడ్లురమలేదు. ఆమె బూటు పక్కన బుద్ధిగా కూచుంది.

ఆ ఆదివారం కోదండరామ్ తుపాకీ తెరిస్తే ఏమీ రాలేదు. ఊదాడు. తట్టాడు. గొట్టంలోకి చూస్తూ కూచున్నాడే తప్ప వెనక చెక్క వైపు చూడలేదు. స్టాక్ అయిపోయిందనుకుని హడలిపోయి, ఆ రాత్రే అమ్మకానికి ప్రకటన పెట్టేశాడు. 'బాతులతో సహా' అని కూడా రాశాడు, ఘటికుడు.

శుక్రవారం చెప్పాడు. "రేపు విండ్సర్ నుంచి విశ్వనాథం గారొస్తున్నారు. పెద్ద కలెక్టర్."

"ఎల్లుండి క్లబ్బులో నా పోటీ కదండీ. దీన్ని పట్టుకెళ్దామనుకున్నా" అంది శాంత.

"క్లబ్బు తుపాకీ ఉందిగా."

శాంత పెనం మీది అట్టుని అట్లకాడతో ఠప్పున తిరగేసింది.

విశ్వనాథం గారు తెల్ల గ్లవ్స్, భూతద్దంతో దిగారు. ఉప్మా తిని, కాఫీ తాగుతూ శాంత ఉద్యోగం గురించి శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. తర్వాత తుపాకీ మీదికి వంగారు.

"ఇక్కడ పసుపేమిటి?"

"దసరాకి ఆయుధ పూజండీ. ఏటా చేస్తాను" అన్నాడు కోదండరామ్.

"మరి ఈ ఇనప పలక ఇలా తళతళలాడుతోందేం?"

"కుంకుమ మరక పోలేదని చింతపండు పెట్టి తోమానండి. చెంబుకన్నా బాగా మెరిసింది!"

విశ్వనాథం గారు కుర్చీ వెతుక్కుని కూచున్నారు. "ఇక్కడ నీళ్ళ మీద నూనె తేలినట్టు రంగులుండాలయ్యా. వందేళ్ళ రంగులు. సగం ధర చారులో కలిపేశావు."

"డాడ్! యూ సెడ్ నో పాలిషింగ్!" అంది ధాత్రి, సంతోషం దాచుకోలేక.

ఆయన తుపాకీని భుజానికి ఆనించారు. "పొట్టిగా ఉందే?" టేపు పెట్టి కొలిచారు. "ఎవరు కోశారిది?"

"నేనే" అంది శాంత.

"సారీ?"

"నేనేనండీ."

కోదండరామ్ నోరు తెరిచాడు. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే కోయనిచ్చేవారా?"

అతను మెరిసే పలకని అరచేత్తో కప్పేశాడు.

"మిగతా సగం ఇలా పోయింది. బాతులైనా ఉన్నాయా?" విశ్వనాథం గారు తెరిచారు. రాలేదు. కోదండరామ్ తెరిచాడు. రాలేదు.

"ఇలా ఇవ్వండి" అంది శాంత. చెక్క ఆమె భుజంలో ఒదిగింది, నిద్రలో బిడ్డ తల ఒదిగినట్టు. తెరిచింది. రెండు గొట్టాల్లోంచి రెండు బాతులు ఒకేసారి దిగాయి. అలా ఎప్పుడూ జరగలేదు. తలుపు వైపు పోలేదు. ఆమెకి చెరో పక్కన కూచున్నాయి.

విశ్వనాథం గారు గ్లవ్స్ విప్పేశారు. "దీనికిక ధర లేదమ్మా."

"అంత పాడు చేశానా?"

"ఒకరి కొలతకి చేసిన కాలు ఇంకొకరికి అమ్ముతావా నువ్వు?"

శాంత తల అడ్డంగా ఊపింది.

"ఇదీ అంతే." ఆయన ఉప్మా రెండోసారి వడ్డించుకుని తిని, విండ్సర్ వెళ్ళిపోయారు.

కోదండరామ్ ఫోన్ తీశాడు. ప్రకటన మీద 'అమ్ముడైంది' అని రాశాడు.

"సోల్డ్ టు హూమ్?" అంది ధాత్రి.

"వెళ్ళి చదువుకో" అన్నాడు.

ఆదివారం పొద్దున క్లబ్బు మీద పలచటి మంచు. ముందు శాంత. వెనక తుపాకీ పెట్టె, పులిహోర డబ్బా మోస్తూ కోదండరామ్. అతని వెనక రెండు బాతులు. ఆమె గీత మీద నిలబడి తుపాకీ ఎత్తింది. బటన్ దగ్గరి మనిషి అలవాటుగా "సారీ?" అనడానికి సిద్ధమయ్యాడు. బాతులు రెండూ మెడలు చాపాయి. శాంత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"పుల్!"

కనుచూపు మేరకు అవతల, ఊరి పక్క సరస్సు మీది బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి.