వెనక బోటు

ప్రతి శనివారం పొద్దున్నే కాలేజీ సెమినార్ హాల్లో చాపలు పరిచి, పన్నెండు మంది కుర్రాళ్ళని కళ్ళు మూసుకోమనేవారు సూర్యకళ మేడమ్. అందరూ ఏదో ఒక ఘోరం చూసి, దాన్ని మరిచిపోలేక గంజాయికి అలవాటుపడ్డవాళ్ళే. గుట్టుగా జరగాల్సిన ఆ మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుకి ప్రిన్సిపాల్ ప్రసన్నకుమార్ గారు తన ఫోటోతో బ్యానరు కట్టించారు. ఎందుకో ఆయనకే తెలియాలి.

మొదటి రెండు వారాలు ఆ పన్నెండు మందిలో ఒకడైన గంగాధర్‌కి నవ్వాపుకోవడంతోనే సరిపోయింది. మూడో వారం మేడమ్ అన్నారు: "మనసు మీరు చూసిన ఆ ఘోరం మీదకి పోతే తిట్టుకోకండి నాన్నా. పోయిందని ఒప్పుకుని మళ్ళీ ఊపిరి దగ్గరకి రండి. మీతో మీరు అబద్ధమాడకపోతే చాలు."

ఆ అబద్ధమన్న మాట దగ్గరే వాడి నవ్వు ఆగిపోయింది.

రెండేళ్ళ కిందట సెలవుల్లో తండ్రి అబ్బులుతో సముద్రం మీద చేపల వేటకెళ్ళాడు. పెద్ద అలకి బోటు తిరగబడింది. పక్క బోటువాళ్ళు వీణ్ణి లాగారు. అబ్బులు దొరకలేదు. కాకినాడ హార్బరులో చేపల తట్ట పట్టుకుని నిలబడ్డ తల్లి లోవలక్ష్మి, "మీ నాన్నేడిరా?" అంది. "వెనక బోటులో వస్తున్నాడమ్మా" అన్నాడు. నోట్లోంచి అదే వచ్చింది. ఆవిడ పొద్దుగూకేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

అప్పట్నించీ రోజూ పొగే. ఈ క్లాసులకి వచ్చాక వారానికొకసారి అయింది, ఆఖరి నెలలో మొత్తం మీద రెండుసార్లు. అదేమంత చిన్న సంగతి కాదు.

ఎనిమిదో వారం ఫారాలిచ్చారు. పేర్లు రాయక్కర్లేదని, ఎవరూ చూడరని మేడమ్ చెప్పారు. పాపం, ఆవిడా నమ్మారు. ఆఫీసులో ప్రతి ఫారం మూలన పెన్సిల్‌తో రోల్ నంబరు వేసి పంపారని ఆవిడకి తెలీదు. గత నెలలో ఎన్నిసార్లు గంజాయి తాగారు అన్నచోట, పక్క చాప మీద కూర్చున్న విజయ్ పాల్ సున్నా చుట్టాడు. అప్పుడే బాత్రూముల వెనక తాగొచ్చాడు వాడు.

"సున్నా వేసెయ్‌రా, ఎవడికి తెలుస్తుంది?" అని గొణిగాడు.

గంగాధర్ రెండు అని రాశాడు. రాశాక, చాన్నాళ్ళకి గుండె తేలికపడ్డట్టనిపించింది.

సోమవారం ప్రిన్సిపాల్ పిలిపించారు.

"రోజూ తాగేవాడండి, రెండుకి దిగాడండి. నిజం రాసింది వీడొక్కడేనండి" అని మేడమ్ బతిమాలారు.

"మిగతా పదకొండు మందీ సున్నా కదమ్మా. మన రిపోర్టు నూటికి నూరు శాతం ఉండాలి" అన్నారాయన. గంగాధర్‌ని హాస్టల్ నుంచీ కాలేజీ నుంచీ కూడా ఆ ఏడాదికి తీసేశారు. విజయ్ పాల్‌కి సర్టిఫికెట్టిచ్చి పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగారు.

ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే లోవలక్ష్మి హార్బరు నుంచి తట్టతోనే వచ్చేసింది. నీచు వాసనని వాచ్‌మన్ ఆవిణ్ణి గేటు బయటే ఆపేశాడు. గంగాధర్ పెట్టె పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏంటన్నార్రా?"

"ఏం లేదమ్మా. సెలవులిచ్చారు."

ఆవిడ తట్ట కిందపెట్టి, మెల్లగా అంది:

"మీ నాన్న వెనక బోటులో వస్తున్నాడని చెప్పినప్పుడు కూడా నువ్విలాగే నా కాళ్ళకేసి చూశావురా."