పడుగుల జాగా

పదిహేడేళ్ల కాపురంలో మా ఆయన నాకు చాయ్ పెట్టిచ్చింది రెండేసార్లు. మొదటిసారి, నాచేత కౌన్సిలర్ నామినేషన్ వేయించిన రోజు. రెండోసారి మొన్న బుధవారం. ఆసు ముందు కూర్చుని నూలు తిప్పుతున్నాను. గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "తాగు, సల్లారుతది" అన్నాడు. నేను గ్లాసు వైపు కాదు, ఆయన ముఖం వైపు చూశాను. ఊరికే చాయ్ పెట్టే మనిషి కాదు. ఏదో ఉంది.

మాది నల్గొండకు గంట దూరంలో ఉన్న చేనేత ఊరు. ఊరు మున్సిపాలిటీ అయ్యాక మా వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. ఆ వార్డు మీద ఆశపెట్టుకుని మూడేళ్లు ఇల్లిల్లూ తిరిగిన మా ఆయన వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత తన బదులు నన్ను నిలబెట్టాడు. పోస్టర్ల మీద నా ఫోటో కంటే ఆయన ఫోటోనే పెద్దది. గెలిచాక ప్రమాణం చేసిన రోజు తప్ప నేను ఆ ఆఫీసు గడప తొక్కలేదు. మీటింగులకు ఆయనే పోతాడు. ఊళ్లో అందరూ ఆయన్ని కౌన్సిలర్ సాబ్ అంటారు, నన్ను కౌన్సిలర్ సాబ్ భార్య అంటారు. వసంతలక్ష్మి అని నాకొక పేరుందని బ్యాలెట్ కాగితం మీద చూసినవాళ్లకు ఈపాటికి మరుపొచ్చి ఉంటుంది. నేనూ పోతానని ఒకసారి అంటే మా అత్తమ్మ యాదమ్మ, "నువ్వు కుర్చీల కూసుంటే ఆసు ఎవరు పోస్తరు బిడ్డా, మీ మామనా?" అంది. ఆమెకు కోపం లేదు, లెక్క తెలుసు అంతే.

ఆసు పోయడమంటే మేకుల చుట్టూ నూలు తిప్పడం. ఒక చీరకు కొన్ని వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. కుడి భుజం నాకు ముప్పయ్యో ఏటనే పోయింది. అయినా చేనేత కార్డుల కోసం సర్వేవాళ్లు ఇంటికొచ్చి, ఇంట్లో నేసేవాళ్లెంతమంది అని అడిగితే మా ఆయన, ఒక్కణ్ణే అన్నాడు. మరి ఈమె అని ఆ సర్వే పిల్ల నన్ను చూపించింది. "ఆమె ఇంట్లనే ఉంటది" అన్నాడు. అప్పుడు కూడా నా చేతిలో నూలే ఉంది. ఆ పిల్ల చూసింది, రాసుకోకుండానే పోయింది.

చాయ్ సగం తాగాక అసలు సంగతి బయటికొచ్చింది. పట్టణాల సామాజిక అభివృద్ధికి ఏదో పెద్ద గ్రాంటు ఉందట. మా మున్సిపాలిటీ దరఖాస్తు పెట్టాలా వద్దా అని రేపు కౌన్సిల్ తేల్చాలట, రేపే ఆఖరు రోజట. ఆ గ్రాంటుకు ఒక షరతుంది. ఆడ కౌన్సిలర్లు స్వయంగా వచ్చి కూర్చోవాలి, మీటింగంతా వీడియో తీసి పంపాలి. అదీ ఆ చాయ్ వెనక కథ. "నువ్వేం మాట్లాడేది లేదు. సమర్థిస్తున్న అను, సంతకం పెట్టు, ఇంటికి రా" అన్నాడు. ఏం కడతారని అడిగాను. ఆడవాళ్లకు నైపుణ్య కేంద్రం అన్నాడు. ఎక్కడ అని అడిగాను. చెంబు వెతుక్కుంటున్నట్టు పక్కకు తిరిగి, చేనేత సొసైటీ ఆఫీసు వెనక ఖాళీ జాగాలో అన్నాడు.

సొసైటీ వెనక ఖాళీ జాగా ఎక్కడుంది? అక్కడున్నది పడుగుల జాగా. పొద్దెక్కకముందే మా వాడకట్టు ఆడవాళ్లం నలభై మందిమి అక్కడ పడుగులు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, చాపి, గంజి పెట్టి, తెగిన పోగులు అతుక్కుంటాం. పడుగుకు పొడుగ్గా, నేరుగా, అడ్డం లేని నేల కావాలి. ఇళ్లలో అంత జాగా ఎవరికుంది? అది పోతే రోడ్డు మీద చాపాలి, లారీలొస్తే చుట్టి పక్కకు పరుగెత్తాలి. ఆయన స్నానానికి పోగానే బ్యాగులో ఉన్న కాగితాలు తీసి చదివాను. ఇంటర్ దాకా చదివిన చదువు పదిహేడేళ్లలో తొలిసారి పనికొచ్చింది. కేంద్రం పైఅంతస్తులోనట. కింద పన్నెండు షట్టర్లు, కిరాయికిచ్చేవి. చివర్న నేను సంతకం పెట్టాల్సిన పత్రం: సదరు స్థలం ఎవరి వినియోగంలోనూ లేక ఖాళీగా ఉన్నదని వార్డు కౌన్సిలర్ ధ్రువీకరిస్తున్నది. మెట్లెక్కి మేడ మీద పడుగు ఎట్లా చాపుతారో ఈ ప్లాను గీసినవాడు ఎవరినీ అడిగినట్టు లేడు. షట్టర్లు ఎవరెవరికో మాత్రం ప్లానులోని ఆ పన్నెండు గళ్లలో పెన్సిలుతో అప్పుడే రాసి ఉంది. నాలుగో గడిలో మా మరిది పేరు.

మర్నాడు పొద్దున ఆయనే చీర తీసి మంచం మీద పెట్టాడు. వీడియోలో బాగా కనపడాలట. బండి మీద పోతూ నేనేం చెప్పాలో నాలుగుసార్లు చెప్పించాడు. ఈయనకు నా మీద ఇంత శ్రద్ధ ఎక్కడిదా అనుకుంటూ వెనక కూర్చున్నాను. ఆయన్ని కాదంటే రాత్రికి ఆ ఇంటికే పోవాలి కదా అన్న భయమూ ఉంది, దాచుకోవడమెందుకు.

హాల్లో ఆరుగురు ఆడ కౌన్సిలర్లం కూర్చున్నాం. మొగుళ్లను లోపలికి రానియ్యలేదు కాబట్టి ఆరుగురూ కిటికీల దగ్గర నిలబడ్డారు. ఛైర్మన్ దివాకర్ గ్రాంటు గురించి చెప్పాడు. మన వాటా డబ్బు ఎక్కడినుంచి తెస్తామని ఒకాయన, పక్క ఊరు ఎగరేసుకుపోతుందని ఇంకొకాయన కాసేపు వాదించుకున్నారు. స్థలం ధ్రువపత్రం వస్తే దరఖాస్తు పెట్టేద్దామని చివరికి తేల్చారు. అంటే నా సంతకం. క్లర్కు గుర్వయ్య పత్రమూ హాజరు పుస్తకమూ తెచ్చి నా ముందు పెట్టాడు. ముందు హాజరు పుస్తకంలో తెలుగులో నా పేరు పూర్తిగా రాశాను, నామినేషన్ మీద రాసినట్టే.

గుర్వయ్య దాన్ని చూసి ముఖం చిట్లించాడు. తీర్మానాల పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని, అటూ ఇటూ చూశాడు.

"మేడం, గిది కలుస్తలేదు. పైన ఆఫీసోళ్లు పోల్చి చూస్తరు. ఎప్పుడు పెట్టేటట్టే పెట్టుండ్రి."

పుస్తకం నా వైపు లాక్కున్నాను. రెండేళ్ల తీర్మానాలు. ప్రతి పేజీలోనూ ఇంగ్లీషులో, సొగసైన తోకతో, నా పేరు. చాయ్ నుంచి చీర దాకా అన్నీ యాదిలో పెట్టుకున్న మనిషి ఇది మాత్రం మరిచాడు, నా సంతకం ఒకటి నాకు వేరే ఉంటుందని. పేజీలు తిప్పాను. పోయిన ఎండాకాలం తీర్మానం దగ్గర వేలు ఆగింది. పడుగుల జాగాలో మూడు వేపచెట్లు కొట్టడానికి వార్డు కౌన్సిలర్‌కు అభ్యంతరం లేదు. ఆ చెట్లు కొట్టినరోజు నీడ లేక గంజి ఎండి పోగులు పుటపుట తెగితే మేమంతా కొట్టించినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాం. అందరికంటే ఎక్కువ నేనే తిట్టాను. మిగతావాళ్లు నా ముఖం చూసి గప్‌చుప్ అయిపోయింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

"ఫికర్ చెయ్యకమ్మా, అండ్ల ఉన్నట్టే ఒక్కసారి గీకు" అన్నాడు దివాకర్, నవ్వుతూనే. కిటికీ బయట మా ఆయన గాలిలో వేలితో ఆ తోక గీసి చూపిస్తున్నాడు.

"దరఖాస్తు పెట్టుండ్రి. నేను వద్దంటలేను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "జాగ ఖాళీగుందని మాత్రం రాయ. గాడ పొద్దుగాల నలభై మంది ఆడోళ్లు పని చేస్తరు, అండ్ల నేనొకదాన్ని. వాళ్ల పేర్లు రాయుండ్రి, నేల మీదనే షెడ్డు గీయుండ్రి, అప్పుడు పెడత సంతకం. ఇగ గీ పుస్తకంల ఉన్నది నా సంతకం కాదు. గిది కూడా రాయుండ్రి."

వీడియో ఆపమని దివాకర్ సైగ చేశాడు. మీటింగు మధ్యలో ఆపితే దరఖాస్తు చెల్లదని తీస్తున్న పిల్లవాడే చెప్పాడు. గుర్వయ్య మంచివాడో భయస్తుడో నాకు తెలియదు, కలం మాత్రం కింద పెట్టలేదు.

"మరి గివి ఎవరు పెట్టిన్రని రాయాలె మేడం?"

ఊరంతటికీ తెలిసిన సంగతే. అయినా నేను చెప్పాలి. పెళ్లయిన నాడు మా అత్తమ్మ, మొగుని పేరు నోట్లెకెళ్లి రావద్దు, ఆయుష్షు తగ్గుతది అంది. ఆయనంటాను, వాళ్లంటాను, ఇగో అని పిలుస్తాను. రేషన్ షాపులో అడిగినా పక్కనున్నవాళ్లే చెప్పేవాళ్లు. పదిహేడేళ్లు ఆ మాట దాటలేదు. కిటికీ వైపు చూశాను. గాలిలో వేలు ఆగిపోయింది.

"నరహరి" అన్నాను.