దగ్గరి స్టేషను దాలమ్మ బండి

బెంగాల్లోని ఝపటాపూర్ బజారు మూలన ఇరవై రెండేళ్లుగా నిలబడ్డ దాలమ్మ ఇడ్లీ బండిని సోమవారంలోగా తీసెయ్యాలని ఠాణా నుంచి కబురు వచ్చింది. కబురు తెచ్చిన కానిస్టేబుల్ నాలుగిడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు నోరు విప్పాడు. ముందే చెబితే చట్నీ దక్కదని అతని భయం.

కారణం కూడా అతనే చెప్పాడు. కొత్తగా వచ్చిన ఎస్సై మీనాకుమారి ఊరి మ్యాపు గోడకు తగిలించిందట. గొలుసు తెంపినా, సైకిలు పోయినా, ఫోను లాక్కున్నా జరిగినచోట ఒక ఎర్ర గుండుసూది గుచ్చుతుందట. సూదులు గుంపుగా పడ్డచోట పోకిరీలకు నిలవడానికి తావు లేకుండా చేస్తే దొంగతనాలు తగ్గుతాయని ఆమె లెక్క. ఆరు నెలల్లో ఒక్క దాలమ్మ బండి దగ్గరే ముప్ఫై ఒక్క సూదులు.

దాలమ్మ లెక్క వేసుకుంది. కూతురు కిరణ్మయి నర్సింగు చదువు ఆ బండి మీదే నడుస్తోంది. ఇంకో మూలకు పోయి గిరాకీ పట్టాలంటే రెండేళ్లు కావాలి. చదువు అంతకాలం ఆగదు.

మర్నాడు పొద్దున్నే గోపాలంగారిని వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లింది. ఆయన రైల్వే ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. దాలమ్మ బండి పక్కన బల్ల మీద కూర్చుని, బెంగాలీ రాయడం రాని తెలుగువాళ్లందరికీ అర్జీలు, ఫిర్యాదులు రాసిపెడుతుంటాడు.

మ్యాపు చూసి దాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఏటమ్మా ఇది, నా బండికి ఆటలమ్మ పోసినట్టున్నాది."

మీనాకుమారి పక్కనున్న సాలువాలో పెరిగిన తెలుగుపిల్లే. నవ్వు రానివ్వకుండా ఫైలు తీసింది. దాలమ్మ ఒక సూది మీద వేలు పెట్టి ఇది ఎవరిదని అడిగింది. తవిటయ్య సైకిలు అంది ఎస్సై.

"తవిటయ్య సైకిలు పోయినాది రైలుగోడ ఎనకాల మలుపులోన. నా బండికాడికొచ్చి కూకొని ఏడిసినాడంతే. టీ నానే ఇచ్చినాను."

వాసంతి గొలుసు? అదీ ఆ మలుపే. జాకబ్ ఫోను? అదీ అక్కడే. ఎస్సై కాగితాలన్నీ పక్కపక్కన పరిచింది. అన్నిటిలోనూ ఒకే చేతిరాత. 'జరిగిన స్థలం' అన్నచోట అన్నిటిలోనూ ఒకే మాట: దాలమ్మ బండి దగ్గర.

అందరూ గోపాలంగారి వైపు తిరిగారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, తప్పేముందన్నట్టు చూశాడు.

"రైల్వేలో అంతేనమ్మా. లైను మీద ఎక్కడ ఏం జరిగినా దగ్గరి స్టేషను పేరు రాస్తాం. ఆ మలుపుకి పేరెక్కడుంది? దానికి దగ్గరి స్టేషను దాలమ్మే."

కానిస్టేబుల్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. మిగిలిన ముగ్గురూ కూర్చుని మధ్యాహ్నం దాకా సూదులు పీకి మళ్లీ గుచ్చారు. ఇరవై ఆరు మలుపులో పడ్డాయి. నాలుగు బజారులో అక్కడక్కడా సర్దుకున్నాయి. బండి దగ్గర మిగిలింది ఒక్కటి, గోపాలంగారి గొడుగు. అది ఆయన ఇంట్లోనే ఉందని దాలమ్మ గుర్తుచేస్తే, ఆ సూది ఆయనే పీకేశాడు.

మీనాకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"బండి తియ్యక్కర్లేదు పిన్నీ. గాని సాయంత్రాలు ఆ మలుపులో పెడతావేటి? కానిస్టేబుల్ గంటకోపాలి ఎళ్లొస్తాడు, దొంగలు ఆ గంట కనిపెట్టుకుంటారు. నీకాడైతే ఎప్పుడూ పదిమంది నిలబడుంటారు. నాకు ఆ పదిమందీ కావాల."

 దాలమ్మ చీర చెంగు బిగించుకుంది.

"పొద్దున్న నా మూల నాకే ఉండాల. మలుపులో ముందు దీపాలు ఎలగాల, తరవాతే నా బండి కదుల్తాది. సీకట్లో నిలబెట్టినారంటే ముందు పోయేవి నా గిన్నిలే."

దీపాలకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఎస్సై మున్సిపాలిటీకి ఫోన్లు చేస్తూనే ఉంది, దాలమ్మ కదలలేదు. పదోనాటి సాయంత్రం మలుపులో దాలమ్మ వేసే పునుకుల వాసన లేచింది. డ్యూటీ దిగిన రైల్వే వర్క్‌షాపు వాళ్లు సైకిళ్లు ఆపి గుమిగూడారు. పది మంది కాస్తా నలభై అయ్యారు.

నెల తిరిగేసరికి పునుకుల దగ్గర తోపులాట ఎక్కువైందని ఠాణావాళ్లు అక్కడ ఒక కానిస్టేబుల్‌ని వేశారు. దాలమ్మ అతన్నీ పునుకుల లైను చివర నిలబెట్టింది.