మాటల్లేని ఇంట్లో ఓలా

ఆ ఇంట్లో తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. కుక్కర్ గాస్కెట్ ఎవరు పాడుచేశారన్న దగ్గర మొదలైన గొడవ, ఒకరి పుట్టింటివాళ్ళను ఒకరు ఎత్తిపొడుచుకునేదాకా పోయింది. అలాగని నోళ్ళు మూతపడ్డాయనుకుంటే పొరపాటే. "ఎవరో గ్యాస్ కట్టేయడం మరిచిపోయారు" అని పెద్దకోడలు గోడతో అనేది. "ఎవరికో కళ్ళు నెత్తికెక్కాయి" అని చిన్నకోడలు ఫ్రిజ్‌తో అనేది. మొగుళ్ళిద్దరూ ఆ సమయానికి ఎక్కడో ఒకచోట పని కల్పించుకునేవాళ్ళు.

పెద్దకోడలు ఒక హోటల్లో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని చేస్తుంది. పొద్దస్తమానం ఆవిరిలో ఉడకడమే. ఈమధ్య ముందు హాల్లో, ఏసీ కింద, కౌంటర్ దగ్గరి కుర్చీ ఖాళీ అయింది. అక్కడికి స్పానిష్ మాట్లాడే అతిథులు ఎక్కువగా వస్తారు. "చనువుగా నాలుగు ముక్కలు పలకరించగలిగితే కుర్చీ నీదే. సోమవారం వింటాను" అన్నాడు మేనేజరు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఫోన్లో పాఠాలు పెట్టుకుంది. ఓలా అంటే పలకరింపు. కే తాల్ అంటే ఎలా ఉన్నావని. దానికి బియెన్, అంటే బాగున్నానని, జవాబివ్వాలి. మల్ అంటే బాగోలేదని అర్థమే గానీ, ఊరికే పలకరించినప్పుడు ఎవరూ అలా అనరని ఫోన్లో పంతులమ్మ నవ్వుతూ చెప్పింది. అద్దం ముందు కాదు, మనిషితో సాధన చెయ్యాలని కూడా చెప్పింది. అక్కడే వచ్చింది చిక్కు. "నాకు తెలుగే అంతంతమాత్రం" అని మొగుడు తప్పించుకున్నాడు. ఇక ఇంట్లో మిగిలింది చిన్నకోడలే.

పెద్దకోడలు బాగా ఆలోచించింది. మాట్లాడకూడదన్నది తెలుగులో పట్టిన పంతం. స్పానిష్‌కి దాంతో ఏం సంబంధం? మర్నాడు బట్టలారేస్తున్న తోడికోడలి ఎదుట నిలబడి, "ఓలా! కే తాల్?" అంది.

చిన్నకోడలు కాసేపు ఎగాదిగా చూసింది. రోజూ పక్కగదిలోంచి ఆ పాఠం వింటున్న మనిషే.

"బియెన్" అంది. ఇద్దరి పరువూ నిలిచింది.

అప్పట్నుంచి వంటింట్లో, మెట్ల మీద, కుళాయి దగ్గర ఒకటే పలకరింపులు. విన్నవాళ్ళు ఎంత సఖ్యతో అని ముచ్చటపడ్డారు. పెద్దకోడలు మాత్రం కే తాల్ అని అడిగి, జవాబు వినీ వినకముందే, తన ఉచ్చారణ సరిచూసుకుంటూ వెళ్ళిపోయేది.

ఆదివారం ఆఖరి సాధనకు వెళ్ళేసరికి చిన్నకోడలు మంచం మీద ముడుచుకుని ఉంది.

"కే తాల్?"

"మల్."

పెద్దకోడలు తెల్లబోయింది. దాని తర్వాత ఏమనాలో పాఠంలో లేదు. వచ్చిన స్పానిషంతా తిరగేస్తే దొరికింది మళ్ళీ కలుద్దాం అన్న ముక్క ఒక్కటే. అదే అనేసి గుమ్మం దాకా నడిచింది కూడా. కానీ మనసొప్పలేదు. వెనక్కి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఏమైందే? ఎప్పట్నుంచి?" పంతం పోతే పోయింది.

"మొన్నట్నుంచి."

"మరి చెప్పొద్దూ? రోజూ ఎలా ఉన్నావని అడుగుతూనే ఉన్నానుగా!"

చిన్నకోడలు దుప్పటి మీదికి లాక్కుంది.

"అడిగావులే అక్కా. కుర్చీ కోసం అడిగావు."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. తడిగుడ్డ కోసం వెళ్ళింది.