కుందేలుకి తొండం

“ఆ డబ్బా కాస్త అటు జరుపు, టీ కప్పు పెట్టుకోవాలి” అన్నారు మా ఆయన. ఆ డబ్బా నా ల్యాప్‌టాప్. భోజనాల బల్ల చివర, మంచినీళ్ళ కూజా పక్కన, ఐదేళ్ళుగా నా ఆఫీసు నడుస్తోంది. ఆన్‌లైన్‌లో సరుకులమ్మే ఒక పెద్ద సైటుకి నేను పనిచేస్తాను. ఆ సైటులో పిల్లల బొమ్మలో, పిల్లల దీపాలో పెట్టి అమ్ముకోవాలంటే, వాటిని ల్యాబులో పరీక్ష చేయించిన రిపోర్టు జతచెయ్యాలి. ఆ రిపోర్టు సరిగా ఉందో లేదో చూసి, ఉంటే ఆకుపచ్చ బటన్, లేకపోతే ఎర్ర బటన్ నొక్కడం నా పని. రోజుకి ఎనభై ఫైళ్ళు. మధ్యలో కుక్కర్ దించాలి, బట్టలు ఆరెయ్యాలి, అత్తగారికి మందులివ్వాలి, పాప స్కూలు వ్యాను కోసం గుమ్మంలో నిలబడాలి. “ఇంట్లో కూర్చుని కాగితాలు చూడ్డమేగా, అదృష్టవంతురాలివి” అంటారు అత్తగారు, తన కళ్ళజోడు ఎక్కడుందో నన్నే వెతకమంటూ.

కాగితాలు చూడ్డమే, అందులో అబద్ధమేం లేదు. ఈ ఐదేళ్ళలో ఒక్క బొమ్మనీ నేను చేత్తో పట్టుకున్నది లేదు. కానీ అంతకుముందు, పెళ్ళికాక ముందు నాలుగేళ్ళు, అయ్యాక రెండేళ్ళు, ఆ పరీక్షలు చేసే ల్యాబులోనే ఉండేదాన్ని. ఒక పాత గోడౌను మీద రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటేనే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమనేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఈ మాట ఇంట్లో అంటే డాక్టరుకి చూపిస్తారు. మా పై ఆవిడని అందరం సుత్తి మేడం అనేవాళ్ళం. ఆవిడ సుత్తి కొడుతుందని కాదు, పాపం మాటలే తక్కువ. నిజంగానే సుత్తి పట్టుకుని రోజంతా బొమ్మల్ని బాదేది.

అక్కడ చిన్న స్టీలు గొట్టం ఒకటి ఉండేది. మూడేళ్ళలోపు పిల్లల గొంతు ఎంతుంటుందో దాని కొలత అంత. బొమ్మని లాగి, మెలిపెట్టి, ఎత్తునుంచి పడేసి, ఊడొచ్చిన ముక్కని ఆ గొట్టంలో వేసేవాళ్ళం. ముక్క పూర్తిగా లోపలికి పోయిందంటే బొమ్మ ఫెయిల్. మేం ఆరుగురు ఆడపిల్లలం ఆ గొట్టానికి బుజ్జిగాడని పేరు పెట్టుకున్నాం. “బుజ్జిగాడు మింగేశాడు మేడం!” అని ఈ మూల నుంచి ఒకళ్ళం అరిస్తే, ఆవిడ తలెత్తకుండానే “అయితే రాసెయ్” అనేది. ఎంత పెద్ద కంపెనీవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చున్నా ఆవిడ నోట అదే మాట. మధ్యాహ్నం మేమంతా ఫెయిలైన బొమ్మలున్న అట్టపెట్టెల మీదే కూర్చుని తినేవాళ్ళం. ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో తెలిసేది కాదు. అన్నిటికంటే ముందుగా తన డబ్బా ఖాళీ అయిపోతే మేడం గొప్పగా మొహం పెట్టేది.

నేను మొట్టమొదట సంతకం చేసిన రిపోర్టు ఒక ఏనుగు దీపానిది. పిల్లల మంచం పక్కన పెట్టుకునే చిన్న దీపం. దాని తొండాన్ని ఎంత లాగినా ఊడిరాలేదని నాకు ఎంత గర్వమో, నేనే దాన్ని కని పెంచినట్టు. సంతకం బావుండాలని ముందురోజు నోటుబుక్కు వెనక పేజీ నిండా రాసి చూసుకున్నాను. బజారులో ఆ ఏనుగు కనిపిస్తే ఆగి పలకరించేదాన్ని. పెళ్ళైన కొత్తలో మా ఆయన సాయంత్రాలు స్కూటరు మీద ల్యాబు గేటు దగ్గరికి వచ్చేవారు. వెనక కూర్చోగానే నా జుట్టు వాసన చూసి, “ఇవాళ ఎవర్ని కాల్చేశావు?” అనేవారు. దారంతా చెప్పుకుపోయేదాన్ని. ఆ రోజుల్లో ఆయన వినేవారు. ఆ మనిషంటే నాకు చచ్చేంత ఇష్టం.

పాప కడుపులో పడ్డాక “ఆ వాసనల్లో ఎందుకులే, తర్వాత చూద్దాం” అన్నారు. తర్వాత పాపకి పళ్ళొచ్చాయి, అత్తగారికి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, మరిదికి ఇంట్లోనే భోజనం కావాల్సి వచ్చింది. “ల్యాబుకి మళ్ళీ వెళ్ళనా?” అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నవ్వి ఊరుకున్నారు. ల్యాబులో చివరిరోజున మేడం ఆ ఏనుగు రిపోర్టు కాపీ తీసి ఒక ఫైల్లో పెట్టి నా చేతికిచ్చింది. మళ్ళీ సుత్తి అందుకుంది. నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఫైలు నా బీరువా అడుగున, బట్టల కింద ఉంది. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చదువుకుంటాను, కొందరు పాత ఉత్తరాలు చదువుకుంటారే, అలాగ.

రెండు నెలల క్రితం మా ఆయన ఉద్యోగం మానేసి మరిదితో కలిసి వ్యాపారం మొదలుపెట్టారు. హాల్లో సోఫా కనబడకుండా అట్టపెట్టెలు దిగాయి. వాటినిండా కుందేలు దీపాలు. నాతో చర్చించింది ఒకే ఒక్క విషయం, పెట్టెల మీద దుమ్ము పట్టకుండా చూడమని.

ఆ ఉదయం ఆయన టీ తాగి హాల్లోకి వెళ్ళాక ఇరవై మూడో ఫైలు తెరిచాను. కుందేలు దీపం. ఫోటో చూడగానే నవ్వొచ్చింది, అదే కుందేలు పెట్టెల మీద నుంచి నన్నే చూస్తోంది. రిపోర్టు తెరిస్తే మా పాత ల్యాబు పేరు. చివరి పేజీలో నా సంతకం.

నిజం చెప్పాలంటే ముందు నాకు సంతోషం వేసింది. ఎన్నేళ్ళకో కనబడిన స్నేహితురాలిని చూసినట్టు ఆ సంతకం వైపు అలా చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత తేదీ చూశాను. పోయిన నెలది. నేను ల్యాబు వదిలి తొమ్మిదేళ్ళు. వెనక్కి వెళ్ళి ఒక్కో పేజీ చదివాను. ఏనుగు అని ఉన్న ప్రతిచోటా కుందేలు అని మార్చారు. పాపం, ఆరో పరీక్ష మాత్రం మర్చిపోయారు. “తొండం: లాగుడు పరీక్ష. ఊడలేదు.”

లేచి హాల్లోకి వెళ్ళాను. అన్నదమ్ములిద్దరూ నేల మీద కూర్చుని పెట్టెలకి లేబుళ్ళు అంటిస్తున్నారు. అత్తగారు కుర్చీలో కూర్చుని లెక్కపెడుతున్నారు.

“ఏమండీ, నా బీరువా వెతికారా?”

“మన బీరువా” అన్నారాయన, తలెత్తకుండా. “ఓ, అప్పుడే వచ్చేసిందా? పిల్లల దీపాలు నువ్వే చూస్తావుగా, నీ దగ్గరికే వస్తుందని అనుకున్నాంలే.”

“ఆ రిపోర్టు దొంగది. దాని మీద నా సంతకం పెట్టారు.”

“నీదేగా! పరాయివాళ్ళది పెట్టామా?”

ఆయన ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే అందులో తప్పేముందో ఆయనకి తెలియలేదు. నా చేతి వంట, నా నిద్ర, నా సెలవురోజు ఎలాగైతే అడక్కుండా వాడుకున్నారో, సంతకమూ అలాగే వాడుకున్నారు.

“కోపం తెచ్చుకోకు వదినా. నీ మీద గౌరవంతోనే పెట్టాం” అన్నాడు మరిది.

“గౌరవం బాగానే ఉంది. కుందేలుకి తొండం ఎవరు పెట్టారు?” అన్నాను. అతను నాలిక్కరుచుకున్నాడు.

“మొగుడి కోసం ఒక బటన్ నొక్కడానికి ఇంత రాద్ధాంతమేంటి అమ్మాయీ?” అన్నారు అత్తగారు.

ఒక పెట్టె విప్పి దీపం బయటికి తీశాను. చేతులు వాటంతటవే తిరగేసి బ్యాటరీ మూత వెతికాయి. స్క్రూ లేదు. బొటనవేలితో నెడితే మూత జరిగింది. తిరిగి మూసి, భోజనాల బల్ల ఎత్తునుంచి గచ్చు మీదికి వదిలాను. “అదేం పని!” అని మరిది లేచాడు. మళ్ళీ తీసి మళ్ళీ వదిలాను. మూడోసారి మూత ఎగిరిపోయింది. చొక్కా గుండీలంత బిళ్ళ బ్యాటరీలు మూడు దొర్లుకుంటూ పోయాయి. ఒకటి అత్తగారి పాదం దగ్గర ఆగింది.

“ఇది పసిపిల్లల గొంతులో అడ్డంపడితే లోపల కాలుస్తుంది” అన్నాను. “రెండు గంటలు చాలు. వాళ్ళు అమ్మా అని చెప్పుకోలేరు కూడా.”

అత్తగారు పాదం వెనక్కి తీసుకున్నారు.

“సైటులో అందరివీ ఇలాగే ఉన్నాయి” అన్నారు మా ఆయన చివరికి. తర్వాత గొంతు తగ్గించి, “ఉద్యోగం వదిలేసుకున్నాను. ఇది ఆగిపోతే నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు” అన్నారు. ఆ మొహంలో స్కూటరు మీద వచ్చిన మనిషి ఒక్క క్షణం కనిపించాడు. ఆకుపచ్చ బటన్ నొక్కితే ఈ ఇల్లు సాయంత్రానికల్లా మామూలుగా అయిపోతుంది, నేనూ మామూలుగా టీ పెడతాను. ఆ దీపం వెలుగుతున్న గదుల్లో పిల్లలు మాత్రం నాకు ఎప్పటికీ కనబడరు.

“మూతకి స్క్రూ పెట్టించండి, ల్యాబులో నిజంగా పరీక్ష చేయించండి. అప్పుడు అమ్ముకోండి” అన్నాను.

“దానికి నెలలు పడుతుంది!”

“పడుతుంది. మళ్ళీ ఒక పరీక్ష చెయ్యడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.”

వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డారు. ఎర్ర బటన్ నొక్కాను. ఫారం తెరుచుకుంది. కారణం: నకిలీ రిపోర్టు. అమ్మకందారుతో మీకు బంధుత్వం ఉందా? ఉంది, నా భర్త. “ఒక్కసారి ఆలోచించుకో” అన్నారు వెనకనుంచి. నేను కింది గడికి వెళ్ళాను. ఆఖరి ప్రశ్న: రిపోర్టు మీద సంతకం చేసిన వ్యక్తిని సంప్రదించారా? ఐదేళ్ళుగా ఆ గడిలో ‘వీలుపడలేదు’ అని రాస్తున్నాను.

ఈసారి రాశాను. “సంప్రదించాను. ఆ పరీక్ష తను చెయ్యలేదట. ఇవాళ చేసిందట. ఫెయిలయిందట.”