బాలనర్సయ్య బ్రష్షు పట్టు

బొగ్గుబాయిలో ముప్పైరెండేళ్లు పనిచేసి రిటైరైన బాలనర్సయ్యకు భూపాలపల్లిలో భయమెరుగని మనిషని పేరు. అలాంటివాడు బ్రష్షు మీద నెత్తురు చూసి బెదిరి, పళ్లు తోమడమే మానేశాడు. ఉప్పునీళ్లు పుక్కిలించి అయిందనిపించేవాడు. నాలుగు నెలలకు చిగుళ్లు ఉబ్బి, నోరు వాసన పట్టింది. మనవరాలు ఆయన దగ్గరికొచ్చి ముక్కు మూసుకున్న రోజున భార్య దుర్గమ్మ ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది.

"అన్ని పండ్లు పీకెయ్యి బిడ్డా, పీడ పోతది" అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

పళ్ల డాక్టరు రుచిత నవ్వి, అద్దం పట్టి పళ్ల మొదళ్లలో పేరుకున్న గారను చూపించింది. "నెత్తురొచ్చేది గీ గారతోని బాపు. తోముడు బంద్ పెడితే ఇంకింత పెరుగుతది. నేను శుభ్రం చేస్త. నువ్వు రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్షుతోని మెల్లగ తోముకో. మొదట్ల జర నెత్తురొచ్చినా ఆపకు. షుగర్ ఉన్నదంటివి గద, గోలీలు మరువకు, షుగర్ పెరిగితే చిగుళ్లు మానవు."

గార తీశాక, తోమి చూపించమని బ్రష్షు చేతికిచ్చింది. కీళ్లవాతంతో ఆయన వేళ్లు ముడుచుకోలేదు. బ్రష్షు రెండుసార్లు జారి ఒళ్లో పడింది. బాలనర్సయ్య తల వంచుకున్నాడు. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతది.

"ముందే చెప్పొద్దా" అంది దుర్గమ్మ, కోపం లేకుండా.

"పిడి లావుగుంటే పట్టు దొరుకుతది అవ్వా" అంది రుచిత.

తిరిగొస్తూ దుర్గమ్మ సైకిల్ దుకాణం దగ్గర ఆటో ఆపించి, హ్యాండిలుకు తొడిగే రబ్బరు పిడి కొన్నది. బ్రష్షుకు గుడ్డ చుట్టి అది తొడిగితే ఆయన గుప్పిట్లో చక్కగా ఇమిడింది.

అయిదో రోజుకే ఆయన సణిగాడు. "ఇంక నెత్తురొస్తనే ఉన్నది."

"డాక్టరమ్మ ఆపొద్దన్నది గద. తోము" అని దుర్గమ్మ పక్కనే నిలబడి తనూ తోముకుంది.

పదమూడో రోజు నురగ తెల్లగా పడింది. నమ్మలేక దుర్గమ్మను కేకేశాడు.

"ఉమ్మి చూడనీకె పిలుస్తవా నన్ను" అంటూనే వచ్చి చూసి, పడీపడీ నవ్వింది.

ఆ వారమంతా చాయ్ హోటల్లో ఆయనకు వేరే ముచ్చట లేదు. మళ్లీ చూపించుకునే రోజున పాత బాయి దోస్తులు ముగ్గురిని ఆటోలో ఇరికించుకుని పోయాడు. చిగుళ్లు గట్టిపడ్డాయని రుచిత చెప్పగానే వాళ్లవైపు తిరిగి, "విన్నరా? ఇగ లైన్ల రాండ్రి" అన్నాడు.

ముగ్గురిలో ముందున్న దేవదాసు కుర్చీ దాకా పోకముందే నోరు తెరిచాడు.